సూర్యాండంలో చలి లేదు

“అక్కడ ఎండ లేకపోతేనో?” అంది పొలసమ్మ.

అప్పటికింకా ఎవరూ ఎక్కడికీ బయలుదేరలేదు. ఎండ ఇప్పుడిప్పుడే వాకిట్లోకి వస్తోంది. ఇంటిముందు బండ మీద ఆమె మొగుడు ఉడుమయ్య బోర్లా పడుకుని వీపు కాచుకుంటున్నాడు. వీపు వేడెక్కితే గాని ఆయనకి నోరు పెగలదని ఆమెకి తెలుసు. తెలిసీ అడిగింది. జవాబు కోసం ఆగకుండా ఇంకోటి కూడా అడిగింది.

“పోనీ ఎండ ఉందనే అనుకోండి. మన పిల్ల తోక తలుపులో పడితేనో? అసలే పొడుగు తోక. మీ అమ్మగారి పోలిక.”

ఉడుమయ్య ఒక కన్ను తెరిచాడు. “ఏ తలుపే?”

“ఆకాశానికి పోయే ఓడన్నాక తలుపులుండవా ఏంటి?”

“ఉంటాయి. తోక ఎక్కడుందో చూసుకునే బుద్ధి దానికీ ఉంటుంది. నన్ను రెండో పక్క కాగనీ,” అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఎండపాలెంలో అందరూ పొలుసుల వాళ్ళే. ఉడుములు, తొండలు, బల్లులు, తాబేళ్ళు, ఏటి ఒడ్డున కాస్త పెద్దింటి మొసళ్ళు. అందరిదీ చల్లటి నెత్తురే. ఎండ తగిలితే నడుస్తారు, తింటారు, తగువులాడతారు. ఎండ పోతే ఎక్కడివాళ్ళక్కడ కట్టెల్లా బిగుసుకుని పడిపోతారు. సంతలో బేరమాడేవాడు “సగానికి ఇస్తే...” అంటూ పడిపోతాడు. మళ్ళీ ఎండ తగలగానే “...తీసుకుంటాను” అంటూ లేస్తాడు. నడుమ ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. ఎవరికీ తెలీదు కాబట్టి నడుమ ఏమీ లేదని పెద్దలు ఏనాడో తేల్చేశారు. సూర్యుడు పడమటి కొండ వెనక మునుగుతాడు, ఆ మునకలోనే తూర్పు కొండ మీద తేలతాడు అని బడి పుస్తకంలో కూడా ఉంది. పొలసమ్మ చదివిన కాస్త చదువులోనూ అదే చెప్పారు.

అయితే గుడ్డు పొదిగిన ఆడవాళ్ళకి మాత్రం ఇంకో సంగతి తెలుసు. గుడ్డు చల్లబడకుండా దాని చుట్టూ చుట్టుకుని, ఒళ్ళంతా వణికించుకుంటూ, ఆ వణుకుతోనే వేడి పుట్టించుకుంటూ కూర్చుంటారు వాళ్ళు. వాళ్ళకి నిద్ర రాదు. ఎండ పోయాక మళ్ళీ వచ్చేదాకా మధ్యలో చాలా పెద్ద నల్లటి సమయం ఉందనీ, అందులో చలి ఉంటుందనీ వాళ్ళు కళ్ళారా చూశారు. చూసి చెబితే, వైద్యులు దానికి ‘పొదిగే పిచ్చి’ అని పేరు పెట్టి కషాయం ఇచ్చేవారు. కషాయం బాగా చేదు. అందుకని ఆడవాళ్ళు చెప్పడం మానేశారు.

ఇలా ఉండగా ఆ ఏడు దేశానికి ఆకాశం మోజు పట్టుకుంది. పైకి పోతే సూర్యుడు దగ్గరవుతాడు, దగ్గరైతే ఎండ బాగా తగులుతుంది, బాగా తగిలితే జాతి ముందుకు పోతుంది అని రాజధానిలో ఎవరో అన్నారు. అన్నది ఎవరో ఎవరికీ గుర్తులేదు గాని, కాదన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. వెంటనే సూర్య సామీప్య నౌకా నిర్మాణ మండలి వెలిసింది. ఇళ్ళలో విడిచిన కుబుసాలన్నీ ఓడకే ఇవ్వాలన్నారు. పొర మీద పొర పేర్చి, జిగురు పూసి, గుడ్డు ఆకారంలో కడతారట. ఊరూరా కుబుస దాన మహోత్సవాలు జరిగాయి. ఇంకా కుబుసం విడిచే అదను రానివాళ్ళు కూడా నలుగురిలో చిన్నతనంగా ఉంటుందని రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకున్నారు. ఉడుమయ్య కూడా రుద్దుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన వీపు ఒరుసుకుపోయి, వెల్లకిలా పడుకోలేక ఎక్కువగా బోర్లానే పడుకుంటున్నాడు.

ఓడ పేరు సూర్యాండం. దాని పైభాగమంతా ఎండ కాచుకునే అరుగులే. మండలిలో ప్రతి అధికారికీ హోదాకి తగ్గ అరుగు ఓడలో ఉండి తీరాలన్నారు, వాళ్ళలో ఒక్కరూ ఓడ ఎక్కేది లేకపోయినా. ఆ అరుగులకే చోటంతా సరిపోయింది. ఎక్కేవాళ్ళు అరుగుల సందుల్లో సర్దుకోవాలి.

ఆ ఓడకి చుక్కాని పట్టే పని పొలసమ్మ కూతురు చిలువకి వచ్చింది. ఊరంతా వచ్చి పొగిడి వెళ్ళారు. పొలసమ్మ అందరికీ మిడతల వేపుడు పెట్టి, వాళ్ళు వెళ్ళగానే మంచానికి అడ్డంపడి ఏడ్చింది. ఆమె అంతే. చిలువ నడక నేర్చినప్పుడు పడుతుందని భయపడింది, పడకపోతే కాళ్ళు బిగుసుకుపోయాయేమో అని భయపడింది. ఆమె ఇన్నేళ్ళూ భయపడిన వాటిలో నూటికి తొంభై జరగలేదు. తాను ముందే భయపడి పెట్టుకోబట్టే జరగలేదని ఆమె నమ్మకం.

ఈసారి ఆ భయాలన్నిట్లోకీ చలి పైకొచ్చి కూర్చుంది. ఎండ కాస్త ముదరగానే ఆమె చీర మార్చుకుని మండలి కార్యాలయానికి వెళ్ళింది.

కార్యాలయమంటే బండలే. హోదాని బట్టి ఎత్తు. అన్నిటికన్నా పై బండ మీద మండలి అధ్యక్షులు మకరధ్వజం గారు. మొసలి. ఎండలో నోరు బార్లా తెరుచుకుని ఉండటం ఆయన అలవాటు. ఏదో సెలవివ్వబోతున్నారనుకుని కింది గుమాస్తాలు పొద్దస్తమానం కలాలు పట్టుకుని నిలబడే ఉంటారు. ఆయన పక్క బండ మీద కార్యదర్శి కూర్మారావు గారు. తాబేలు. ఇబ్బందైన ప్రశ్న వస్తే ఆయన తల డిప్పలోకి తీసేసుకుంటారు. అలా తీసుకుంటే విషయం పరిశీలనలో ఉన్నట్టు లెక్క.

“మీ విన్నపము యొక్క సారాంశమేమి?” అన్నాడు మకరధ్వజం.

“సారాంశం ఏం లేదండీ. మా అమ్మాయి మీ ఓడలో చుక్కాని దగ్గర కూర్చుంటుందండి. ఓడలో ఓ కుంపటి పెట్టించండి బాబూ. చిన్నదైనా చాలు.”

“కుంపటి ఎందులకు?”

“చలేస్తుందేమోనని.”

కలాలన్నీ ఆగిపోయాయి. మూలనున్న బల్లి గుమాస్తా తోక ఊడి టప్పున కింద పడింది. అందరూ దాన్ని చూడనట్టు ఊరుకున్నారు. కూర్మారావు గారి తల లోపలికి వెళ్ళిపోయింది.

“చలి అనునది ఇంతవరకు మండలి దృష్టికి రాలేదు,” అన్నాడు మకరధ్వజం.

“ఎలా వస్తుందండీ? అది వచ్చేసరికి తమరు పడుకుంటారు కదా.”

“పడుకొనుట మా వ్యక్తిగత విషయము. చలి మీరు చూచితిరా?”

“చూశానండి. మా అమ్మాయి గుడ్డులో ఉన్నప్పుడు రోజూ చూశాను.”

“అప్పుడు మీరు ఏదేని ఉద్యోగములో ఉంటిరా?”

“ఊరి ఇసక దిబ్బ దగ్గర ఇసక జల్లించే పనండి. సర్కారు పనే.”

“పొదిగే సెలవు తీసుకొంటిరా?”

“తీసుకోకపోతే ఎలాగండీ, గుడ్డునెత్తుకుని ఇసక జల్లించనా?”

మకరధ్వజం నోరు ఇంకాస్త తెరిచాడు. తృప్తి కలిగినప్పుడు అలా తెరుస్తాడు. “సెలవు కాలములో జరిగినవానిని జరిగినట్లు పరిగణించుటకు వీలు లేదు.”

“సెలవులోనే పుట్టిందండీ మా అమ్మాయి.”

“ఆ విషయము వేరుగా పరిశీలింపబడును,” అన్నాడు.

పొలసమ్మకి పిల్ల పుట్టలేదని తేల్చేస్తారేమోనని కొత్త భయం పట్టుకుంది. అయినా కదల్లేదు. “ఆ సంగతి వదిలేయండి బాబూ. కుంపటి ఒక్కటీ...”

“కుంపటి పెట్టినచో చలి ఉన్నదని మండలి ఒప్పుకొన్నట్లగును. ఉన్నదని ఒప్పుకొన్న పిమ్మట, ఇన్నాళ్ళు లేదని ఎట్లు చెప్పితిరని అడుగుదురు. అడిగినచో కూర్మారావు గారు తల లోపలికి తీసుకొందురు. ఆయన తల అస్తమానము లోపలనే ఉన్నచో కార్యాలయము నడుచుటెట్లు? అయినను ప్రజల సందేహమును మండలి చిన్నచూపు చూడదు. చలి ఉన్నదీ లేనిదీ తేల్చుటకు ఒక ఉపసంఘమును వేయుచున్నాము.”

ఉపసంఘంలో మకరధ్వజం, కూర్మారావు. ఫిర్యాదు చేసినామె కూడా హాజరు కావాలన్నారు.

సాయంత్రం ముగ్గురూ కార్యాలయం వెనక మైదానంలో కూర్చున్నారు. కూర్మారావు గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. “ఇందుమూలముగా చలి అనునది ఉన్నదా...” సూర్యుడు కొండ వెనక మునిగాడు. ఆయన మెడ చాచినది చాచినట్టే ఉండిపోయింది. మకరధ్వజం తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

పొలసమ్మ ఒళ్ళు వణికించుకుంటూ కూర్చుంది. కాస్త వేడి పుట్టాక లేచి ఇద్దర్నీ తట్టింది. “అయ్యా, ఇదిగోనండి, ఇదే. చూడండి.” రాయిని తట్టినట్టుంది. ఆకాశం నిండా చుక్కలు పొడిచాయి. ఆకాశానికి ఓడ కట్టిన మండలిలో వాటిని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. పొలసమ్మ వాటిని పెద్దగా పట్టించుకోలేదు గాని, అధ్యక్షులు గారి నోరు చూసి మాత్రం హడలిపోయింది. అంత నోరూ అలా తెరుచుకుని ఉంటే పురుగూ పుట్రా దూరదూ? మూయబోతే మూతపడలేదు. పోయి ఎక్కడిదో గడ్డి తెచ్చి, మూతి మీదా, వీపు మీదా కప్పింది. కూర్మారావు గారి మెడ చుట్టూ కూడా కాస్త చుట్టింది. ఎంత అధికారులైనా ఓ తల్లి కన్న బిడ్డలే కదా అనుకుంది. తెల్లారేదాకా ఇద్దరి ముక్కుల దగ్గరా చెయ్యి పెట్టి ఊపిరి ఉందో లేదో చూస్తూనే ఉంది.

ఎండ తగిలింది. “...లేదా అను విషయమును పరిశీలించుటకు ఈ ఉపసంఘము కూర్చున్నది,” అన్నారు కూర్మారావు గారు. “ఎండ పోయినది మొదలు ఎండ వచ్చువరకు, అనగా రెప్పపాటు కాలము, ఎడతెగక పరిశీలించినది. చలి కనిపించలేదు.”

“మరి ఆ గడ్డి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?” అంది పొలసమ్మ ఉండబట్టలేక.

మకరధ్వజం నోట్లోంచి గడ్డిపరక తీసి చూసుకున్నాడు. “గడ్డి విషయము ఉపసంఘము పరిధిలోనిది కాదు,” అన్నాడు.

ఆ తర్వాత మండలికి ఉత్సాహం ఎక్కువైంది. లేదని తేలాక, లేనిదాన్ని ఉందనుకునేవాళ్ళ నుంచి ఓడని కాపాడాలి కదా. కుంపట్లు, బొగ్గులు, దుప్పట్లు ఓడ దరిదాపులకి రాకూడదన్నారు. ఓడలో ఎవరూ వణకరాదన్నారు. వణుకు రాని వాళ్ళు కూడా వణకబోమని ప్రమాణం చేశారు. రంగులవాళ్ళు వచ్చి ఓడలో గదిగదికీ పెద్ద అక్షరాలతో “సూర్యాండంలో చలి లేదు” అని రాసిపోయారు. పిల్లలు ఆ మాటని కుబుస దానోత్సవంలో పాటగా పాడారు. ఉడుమయ్యకి పాట నచ్చి ఇంట్లో కూనిరాగం తీస్తే, పొలసమ్మ ఆ పూట ఆయనకి అన్నం వడ్డించలేదు.

ఆఖరికి ఆమె గొడవ పడలేక మండలి ఇంకో నియమం చేసింది. ఓడలో ఎవరికైనా చలి వేస్తే, వేసిన వెంటనే మాటల శంఖంలో తెలియజేయాలి. మాటల శంఖాలు జంట. ఒకటి ఓడలో, ఒకటి నేల మీద. ఇందులో మాట్లాడితే అందులో వినిపిస్తుంది. తెలియజేయకపోతే చలి వేయనట్టే.

“చలేస్తే పడిపోతారు కదండీ, ఎలా చెబుతారు?” అని అడిగింది పొలసమ్మ.

“పడిపోయితిమి అని చెప్పవచ్చును,” అన్నాడు మకరధ్వజం. కూర్మారావు గారి తల లోపలికి వెళ్ళింది. ఈసారి రెండు కాళ్ళు కూడా వెళ్ళాయి.

చిలువ మాత్రం ఇదంతా విని పగలబడి నవ్వింది. అమ్మ ఒళ్ళో తోక వేసుకుని కూర్చుని, “నువ్వు కూడా వచ్చెయ్యమ్మా ఓడలోకి. అక్కడ బోలెడన్ని అరుగులున్నాయి, ఒక్కో అరుగు మీదా కూర్చుని ఒక్కో దానికి భయపడొచ్చు,” అంది.

“వెటకారం చాలు. అసలు ఎక్కడికి పోతారే మీరు?”

“ఎక్కడికీ లేదు. లోకం చుట్టూ ఓ చుట్టు. కొండ వెనక్కి పోయి ఆ పక్కనుంచి వచ్చేస్తాం. అటునుంచి బయటపడి ఎండ కనపడగానే నేను చుక్కాని ఇటు తిప్పాలి. అప్పుడు ఓడ మనూళ్ళో దిగుతుంది.”

“తిప్పకపోతే?”

చిలువ నాలిక కరుచుకుంది. “తిప్పుతాను కదా.”

“తిప్పకపోతే ఏంటే?”

“సూటిగా పోతూనే ఉంటుంది. అయినా ఎందుకు తిప్పను? నా పనే అది.”

“ఎందుకే నాతో చెప్పావు ఆ మాట!” అని పొలసమ్మ తల పట్టుకుంది. కొండ వెనక ఏముంటుందో ఆమెకి తెలుసు. పిల్ల అందులో పడి బిగుసుకుపోయి, ఎండలోకి వచ్చినా వేళకి మెలకువ రాకపోతే? ఇన్నాళ్ళూ ఆమె భయపడినవి చిల్లర భయాలు. ఇది అసలు భయం. దీనికి ముందు ఆ తలుపూ తోకా ఎంత ముద్దొచ్చాయో.

ఓడ బయలుదేరే రోజున ఊరి చివర వేడినీళ్ళ బుగ్గ చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. బుగ్గ ఉవ్వెత్తున లేచినప్పుడల్లా దాని నెత్తిన ఉన్న సూర్యాండం కాస్త ఎగిరి కూర్చుంటోంది. అసలు పొంగు వచ్చినప్పుడు ఆ ఊపుకి పైకి పోతుంది. మెట్ల దగ్గర కాపలా ఉన్న తొండ చిలువ మూట విప్పించాడు.

“ఇదేంటమ్మా?”

“కూర గిన్నె బాబూ,” అంది పొలసమ్మ.

“అడుగున బొగ్గులున్నాయేంటి?”

“మాడిపోయింది నాయనా. హడావుడిలో చూసుకోలేదు.”

“మాడిన కూర కింద చిల్లులున్నాయేం?”

“బాగా మాడింది.”

తొండ ఆ కుంపటిని పక్కన పెట్టేశాడు. పెడుతూ గొంతు తగ్గించి, “పొద్దుట్నుంచీ ఇలా మాడిన కూరలు చాలా వచ్చాయి పిన్నిగారూ,” అన్నాడు. పొలసమ్మ అటు చూస్తే వరసగా కుంపట్లు. ఓడ ఎక్కే పిల్లల తల్లులంతా ఎవరికి వాళ్ళు ఎటో చూస్తూ నిలబడ్డారు.

చిలువ తల్లి మెడ చుట్టూ ఓసారి చుట్టుకుని, వదిలి, వెనక్కి తిరగకుండా మెట్లెక్కింది. తలుపు వేసేటప్పుడు తోక తిన్నగా లోపలికి లాక్కుంది. బుగ్గ పొంగింది. సూర్యాండం గాల్లోకి లేచి, చిన్నదై, ఇంకా చిన్నదై, మబ్బులో కలిసిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

నేల మీది శంఖాన్ని వేదిక మీద పట్టు గుడ్డ వేసి పెట్టారు. చుక్కాని పట్టినామె తల్లి కాబట్టి మాతృమూర్తి హోదాలో మొదటి మాట పొలసమ్మది అన్నారు. ఆ మొదటి మాట ఆమె చాలాసేపు మాట్లాడింది.

“అమ్మా, మనూరు భలే కనపడుతోంది,” అంది చిలువ శంఖంలోంచి. “నాన్న బండ మీద పడుకునే ఉన్నాడు.”

“ఆయన ఇక్కడే ఉన్నారు కదే!”

“అయితే ఎవరో మన బండ ఎక్కారు. తరిమెయ్యి.”

జనం నవ్వారు. ఉడుమయ్య మాత్రం గాభరాగా ఇంటి వైపు చూశాడు.

“ఎండ బాగా ఉందా?”

“మస్తుగా ఉంది. ఇదిగో, కొండ వెనక్కి తిరుగుతున్నాం. ఇక్కడ కాస్త నల్లగా ఉంది.”

పొలసమ్మ శంఖాన్ని మూతికి దగ్గరగా లాక్కుంది. చలేస్తోందా అని అడిగితే పిల్ల బెదురుతుంది. “చిలువా, ఏమైనా తిన్నావా?” అంది.

శంఖం పలకలేదు.

“తిన్నావా అమ్మా?”

శంఖంలోంచి గాలి హోరు తప్ప ఇంకేం రావడం లేదు.

“ఫిర్యాదు ఏదియు రాలేదు!” అన్నాడు మకరధ్వజం జనంతో. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్మారావు గారి తల పూర్తిగా బయటికొచ్చింది. ఇంత పొడుగు మెడ ఆయనకి ఉందని ఊరివాళ్ళు అప్పుడే చూశారు.

“నౌకలోని వారు మాటలకందని తృప్తిలో ఉన్నారు,” అన్నారాయన. “అందువలననే మాట్లాడుట లేదు.”

నడినెత్తి సూర్యుడు కాస్త పక్కకి వాలాడు. శంఖం మౌనం ఇంకా ఎక్కువైంది, మండలి సంతోషమూ ఎక్కువైంది. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఇంత మంది ఇంత సేపు ఒక్క ఫిర్యాదూ చేయకపోవడం చరిత్రలో లేదన్నారు. రెండో ఓడకి అక్కడికక్కడే అనుమతి ఇచ్చారు, అందులో అరుగులు ఇంకా పెద్దవి. నేల మీది కార్యాలయాల్లో కూడా ఇదే పద్ధతి పెడితే బాగుంటుందని ఒకరు సూచించారు. మాట్లాడనివారంతా తృప్తి చెందినట్టు లెక్క కడితే, మాట్లాడేవాళ్ళ సంగతి మాత్రమే చూసుకుంటే సరిపోతుందన్నారు. దానికీ చప్పట్లు.

పొలసమ్మ శంఖానికి మూతి ఆనించి అడుగుతూనే ఉంది. “చిలువా, ఏమైనా తిన్నావా? పోనీ తినొద్దులే, ఒక్క మాట పలుకు. చుక్కాని దగ్గరే ఉన్నావా?”

సభ ముగిసింది. మండలి వస్తువుల అధికారి వచ్చి శంఖాన్ని కొట్టుగదిలో పెట్టాలి, ఇవ్వమన్నాడు. పొలసమ్మ ఇవ్వలేదు. శంఖం చుట్టూ తోక మూడు చుట్లు వేసుకుని కూర్చుంది.

“అమ్మా, ఇది సర్కారు సొత్తు.”

“అందులో ఉన్నది నా పిల్ల. ముందు దాన్ని తీసి ఇవ్వండి, తర్వాత మీ శంఖం మీరు తీసుకుపోండి.”

అధికారి దీనికి నియమం ఏముందో కనుక్కొస్తానని వెళ్ళాడు. జనం పలచబడ్డారు. మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఉడుమయ్య వచ్చి ఆమె వీపుకి తన వీపు ఆనించాడు. ఆయన వీపు ఎప్పుడూ వేడిగా ఉంటుంది.

“ఇన్నిటికి భయపడ్డాను కదండీ,” అంది పొలసమ్మ. “ఇదొక్కటీ ఎందుకు జరుగుతోందంటారు?”

ఉడుమయ్య తన వీపుని ఇంకాస్త గట్టిగా ఆనించాడు.

వెనక ఎవరో దగ్గారు. మకరధ్వజం. బండ మీద నుంచి దిగి, నేల మీద నిలబడితే ఆయన అంత పెద్దగా ఏం లేడు. నోరు మూసుకుని ఉన్నాడు. అటూ ఇటూ చూశాడు.

“ఏమైనను వినబడినదా?” అన్నాడు.

“లేదండి.”

“మండలి తరఫున కాదు. వ్యక్తిగత హోదాలో అడుగుచున్నాను.” ఆయన ఇంకాస్త దగ్గరికొచ్చాడు. తర్వాత మాట ఆయనకి కార్యాలయం భాషలో దొరకలేదు. “మా మనవడు కూడా అందులోనే ఉన్నాడమ్మా. అరుగుల పర్యవేక్షణకని నేనే పంపాను. చిన్నపిల్లాడు. పొద్దున్నే ఎండ తగిలినా తొందరగా లేవడు.”

పొలసమ్మ ఆయన్ని చూసింది. జరిగి కాస్త చోటిచ్చింది. అధ్యక్షుడు ఆ తల్లుల మధ్య నేల మీద కూర్చున్నాడు. కొంచెం దూరంలో కూర్మారావు గారు నిలబడి ఉన్నారు. ఆయన తల లోపలికి పోలేదు.

“మీరూ పిలవండి,” అంది పొలసమ్మ శంఖం ఆయన వైపు తిప్పి.

“ఏమని పిలువవలెను?”

“ఏదో ఒకటండీ. తిన్నావా అనండి.”

మకరధ్వజం శంఖంలోకి వంగాడు. “తింటివా?” అన్నాడు. తర్వాత మెల్లగా, “తిన్నావట్రా నాన్నా?” అన్నాడు.

హోరు. అందరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడిగారు. మళ్ళీ వంతు పొలసమ్మ దగ్గరికే వచ్చింది. ఎండ పసుపురంగుకి తిరుగుతోంది. ఓడ ఈపాటికి కొండ వెనక నుంచి బయటపడి ఉండాలి, లేదా దాటిపోయి ఉండాలి. ఎటు చూసినా ఆకాశంలో ఏమీ లేదు. ఆమెకి అరవడానికి ఓపిక లేదు, ఆపడానికి ధైర్యం లేదు.

“చిలువా,” అంది. “ఏమైనా తిన్నావా?”

హోరులో ఏదో కదిలింది. ఎవరో ఆవులించినట్టు, నోట్లో ముద్ద నమిలినట్టు చిన్న చప్పుడు.

“తింటున్నాను కదమ్మా,” అంది శంఖం విసుగ్గా. “అడిగి రెప్పపాటైనా కాలేదు, అప్పుడే మళ్ళీ అడగాలా? ఉండు, ఎండ కళ్ళల్లో కొడుతోంది. చుక్కాని తిప్పాలి.”